చాటింపు పడినాక

మా రోజుల్లో మంగళవారం అర్ధరాత్రి గంగమ్మ జాతర చాటింపు పడిందంటే, జాతర ముగిసేదాకా తిరుపతి వాళ్లెవరూ పొరుగూళ్లో రాత్రి నిద్ర చేసేవాళ్లు కాదు. చిత్తూరులో కోర్టు వాయిదా ఉన్నా సరే, పొద్దుగూకేసరికి పొలిమేర లోపలికి వచ్చేయాల్సిందే. ఇప్పుడు చాటింపు మర్నాడే సూట్‌కేసు పట్టుకుని బెంగుళూరు బస్సెక్కుతున్నారు. వారం తర్వాత జాతర నాటికి దిగి, ఫోటోలు తీసుకుని, ఆ రాత్రికే వెళ్లిపోతున్నారు.

పోయిన జాతరకు మా మనవడు పట్టుచీర కట్టి, పూలజడ వేసుకుని వచ్చాడు. చూడముచ్చటగా ఉన్నాడు. "ఎందుకు కట్టినావురా చీర?" అన్నాను. "అందరూ కడతారు కదా తాతా" అన్నాడు. కడుపు తరుక్కుపోయింది.

మాకు కారణం తెలుసు. ఆడపిల్లల్ని చెరబట్టే పాలెగాడి కోసం గంగమ్మ రోజుకో వేషంలో ఊరంతా గాలించింది. ఆ వెతుకులాటనే మేమూ ఆడేవాళ్లం. బైరాగి వేషానికి ఒళ్లంతా తెల్ల నామంసుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గుపొడి. నాలుగోనాడు దొర వేషం, పాలెగాడి తల తెగేది ఆనాడే. ఏ రోజు వేషం ఆ రోజు వేసుకుని గుడికి పోతుంటే, కథ మా కాళ్లతోనే నడిచేది. ఏడాదికొకసారి అమ్మలా చీర కట్టి ఆ వీధుల్లో తిరిగిన మగవాడికి, అమ్మ ఎవరి కోసం కత్తి పట్టిందో ఒకరు చెప్పాలా?

అందరూ దొర వేషం గురించే చెప్పుకుంటారు గానీ, నా మనసు మర్నాటి మాతంగి వేషం మీదే ఉండేది. మొగుడు చచ్చి ఏడుస్తున్న పాలెగాడి పెళ్లాం దగ్గరికి గంగమ్మే మాతంగిలా పోయి ఓదార్చిందట. "చంపింది అమ్మే, కన్నీళ్లు తుడిచిందీ అమ్మేరా" అనేది మా అవ్వ. పగ తీరినాక పగవాడి ఇంటి ఆడదాని గడప తొక్కాలని నాకు బడిలో ఎవరూ చెప్పలేదు.

ఎవరి వంతు వాళ్లకుండేది. దొర, మాతంగి వేషాలు కైకాల వంశం వాళ్లవి. పసుపు కుంకుమలు, చీర అమ్మ పుట్టిల్లు అవిలాల నుంచి రావాలి. గంగమ్మ వెంకన్నకు చెల్లెలు గనక కొండమీది నుంచీ సారె దిగుతుంది. అవిలాల వాళ్లు రానిదే మన పండగ లేదని తెలిసినవాడు, దారిలో అవిలాల మనిషి కనబడితే పలకరించకుండా పోతాడా?

అమెరికాలో ఎమరీ యూనివర్సిటీ ప్రొఫెసరు జాయిస్ ఫ్లూకిగర్ ఇక్కడికొచ్చి, కైకాల వాళ్లతో మాట్లాడి, ఈ వేషాల మీద ఏకంగా పుస్తకమే రాసింది. 2013లో అచ్చయింది. అంత దూరం నుంచి వచ్చినామె అడిగి తెలుసుకుంది. అమ్మ గుడి ఉన్న తాతయ్యగుంట పక్కన పుట్టినోడు మాత్రం ఇంట్లో తాతను అడగడు. అడక్కపోతే నేనైనా చెప్పొద్దా? ఆ తప్పు నాదీను.

జాతర మర్నాడు తెల్లవారుజామున అమ్మ విశ్వరూపం బొమ్మ మట్టి కోసం ఎగబడి, చిటికెడు తెచ్చి మా అవ్వ దేవుడి గూట్లో దాచేది. ఆ గూడు మా ఇంట్లో ఖాళీగా ఉంది. ఈసారి చాటింపుకు ముందే రమ్మని మనవడికి ఫోన్ చేశాను. వారం రోజులు సెలవు పెట్టి రమ్మన్నాను.