ఫెయిరింగ్ బావ

డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లలో ఈ రకం మనిషి ఒకడు తప్పకుండా తగులుతాడు. గ్రీన్‌కార్డు వచ్చేసింది, పెద్దమ్మాయి కాలేజీలో చేరింది, మోకాళ్లు ఇంకా మాట వింటున్నాయి. గరాజ్‌లో హార్లీ స్ట్రీట్ గ్లైడ్. ఊరందరికీ బావే. బండి కొన్నప్పుడు బాగానే ఉన్నాడు. దాని ముందు గాలికి అడ్డంగా ఉండే బ్యాట్‌వింగ్ ఫెయిరింగ్‌లో ఆంప్లిఫయర్ ఇరికించాలని బుద్ధి పుట్టిన రోజు నుంచే మనిషి మనిషిలా లేడు.

సత్యనారాయణ వ్రతానికి పిలిస్తే, కథ నాలుగో అధ్యాయంలో ఉండగా చెవి దగ్గరకొచ్చి, "ఆంప్లిఫయర్ డబ్బా మీద పీక్ వాట్లు చూసి మోసపోకు బావా, నిలకడగా ఇచ్చే ఆర్ఎమ్మెస్ వాట్లు చూడాలి" అంటాడు. బండి కొనే ఉద్దేశం నాకు లేదని ఆయనకూ తెలుసు.

వెయ్యి వాట్లని రాసున్న డబ్బా కనిపిస్తే ఒళ్లు మండిపోతుంది. ప్రసాదం తిన్న పేపరు నాప్కిన్ మీదే లెక్క కడతాడు. 12 వోల్టుల మీద 1000 వాట్లంటే 80 ఆంపియర్ల పైమాటే. బండి ఆల్టర్నేటర్ ఇచ్చేది 50కి అటూఇటూ. హెడ్‌లైటు, ఇగ్నిషన్, పెట్రోలు పంపు అన్నీ అందులోనే బతకాలి. "జీతానికి మించి ఈఎంఐ కడతావా?" అని నన్నే నిలదీస్తాడు. క్లాస్ ఏబీ రకం ఆంప్లిఫయర్ పేరెత్తితే మొహం చిట్లిస్తాడు. తాగిన కరెంటులో సగం దాకా వేడిగా తగలేస్తుందట. టెక్సస్ ఎండ, గాలాడని ఫెయిరింగు, పైపెచ్చు ఆ వేడీనా! క్లాస్ డీ అయితే 80 శాతం పైగా స్పీకర్లకే పంపుతుంది, సైజూ చిన్నదే. ఇవన్నీ అక్షరాలా నిజాలే. అందుకే ఆయన్ని వదిలించుకోవడం కష్టం.

బ్రాండు ఒకపట్టాన తేలదు. రాక్‌ఫర్డ్ ఫాస్‌గేట్ ఒక వారం, జేఎల్ ఆడియో ఒక వారం. ఏది తేలినా ఫెయిరింగ్‌లో పట్టాలి కదా! అరిసెలొచ్చిన అట్టపెట్టెను ఆంప్లిఫయర్ కొలతలకు కత్తిరించి, ఇంజిను అదురుకు ఆగాలని దానికి కూడా నాలుగు రబ్బరు కాళ్లు అతికించాడు. దాన్ని రేడియో కింద దూర్చి, హ్యాండిల్‌ను ఎడమకి పూర్తిగా, కుడికి పూర్తిగా తిప్పి, ఎక్కడన్నా వైరు నలుగుతుందేమోనని టార్చి నోట కరుచుకుని చూస్తాడు. ఇల్లు ప్రశాంతంగా ఉండేది ఆ కాసేపేనని అక్కయ్య అంటుంది.

చిక్కల్లా హైవే మీద. 60 మైళ్లు దాటితే హెల్మెట్ లోపల గాలి హోరు 100 డెసిబెల్స్ దాకా పోతుంది. చెవులు కాపాడుకోవాలి కాబట్టి ఇయర్‌ప్లగ్గులు. అవి పెట్టుకుంటే పాట వినపడదు, కాబట్టి వాట్లు పెంచాలి. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సేనని మనకి పాఠం చెప్పిందీ ఆయనే. ఆ మాట తనకి మాత్రం వర్తించదు. దీనివల్ల శంకరాభరణం పాటలు సుబ్బరంగా వినగలిగేది సిగ్నల్ దగ్గర పక్క లేన్‌లో ఆగిన పికప్ ట్రక్కు ఆసామి ఒక్కడే.

మొత్తానికి కొన్నాడు, నాలుగు చానళ్లది. పెట్రోలు ట్యాంకు ఎత్తి లావు వైరు లాగాడు, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టాడు, అంతా పద్ధతిగా. చూద్దామని వెళితే పాట పెట్టడే! సాడిల్‌బ్యాగ్ మూత తెరిచి టేపుతో కొలుస్తున్నాడు.

"ముందున్నవి రెండే స్పీకర్లు బావా. రెండు చానళ్లు ఊరికే పడున్నాయి. ఈ మూతల్లో చెరొకటి బిగిస్తే..."

"ఏవండీ, మరి బట్టలెక్కడ సర్దుకుంటారు?" అంది అక్కయ్య.

జవాబు లేదు. ఇయర్‌ప్లగ్గులు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి.