పారెయ్యకు బాబాయి

2024 సెప్టెంబరులో బుడమేరు వరద తీశాక బెజవాడ సింగ్‌నగర్, పాయకాపురం సందుల్లో పరుపులు, బీరువాలు, మిక్సీలు గుట్టలు పడ్డాయి. జనం ముక్కు మూసుకుని వాటిని దాటుకుంటూ పోతుంటే, లుంగీ ఎగ్గట్టి ప్రతి గుట్ట దగ్గరా ఆగే పెద్దమనిషి సందుకొకడు తేలాడు. జేబులో టెస్టరు, నోట్లో "అయ్యయ్యో, ఇది పారేస్తున్నారా!" అసలు పేరేదైనా వీధికి ఆయన 'పారెయ్యకు బాబాయి'.

ఊరి సామాను సంగతి తర్వాత, ముందు ఇంట్లో గీజరుంది. పైపు ఖర్చు కలిసొస్తుందని బాబాయి దాన్ని అప్పట్లోనే చేతికందే ఎత్తులో బిగించుకున్నాడు. అందుకే నిండా మునిగింది. కరెంటు కుర్రాడు పెదవి విరిస్తే బాబాయి జాలిగా చూశాడు.

"నీళ్లు కాచే దాన్ని నీళ్లేం చేస్తాయిరా?"

వాదనకు వంక లేదు. చిక్కల్లా ఆ నీళ్లు ట్యాంకు లోపలుండాలి, బయట కాదు. థర్మోస్టాట్ కాంటాక్టుల మధ్య ఒండ్రు చేరితే అది వేడిని ఎప్పుడు ఆపాలో మరిచిపోతుంది. ఎలిమెంటులో తీగ చుట్టూ కూరిన మెగ్నీషియం ఆక్సైడ్ పొడికి చెమ్మ తగిలితే కరెంటు పైగొట్టంలోకి, అక్కణ్ణుంచి ఎర్తులోకి కారిపోతుంది. ఇది కంటికి కనపడే జబ్బు కాదు, ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ పెట్టి చూడాలి. బాబాయి దగ్గర మెగ్గర్ లేదు. అనుభవం ఉంది.

అనుభవం ప్రకారం గీజరు డాబా ఎక్కింది. ఒడియాలకు కాపలా కాసినట్టు బాబాయి దాని పక్కనే కుర్చీ వేసుకున్నాడు. మబ్బు పడితే కిందికి, ఎండొస్తే పైకి. కోడలి హెయిర్ డ్రయ్యరు దాని సేవకే అంకితమైంది. థర్మోస్టాట్ బియ్యం డబ్బాలో చేరింది. దాని స్క్రూ ఒకటి మర్నాడు అన్నంలో దొరికితే పిన్ని దాన్ని కంచం అంచున పెట్టి, ఏమీ అనకుండా మజ్జిగ పోసింది. ఆవిడ ఏమీ అనకపోవడమే బాబాయికి భయం.

శుభముహూర్తాన స్విచ్చి వేస్తే ఇల్లంతా చీకటి. ఆర్‌సీసీబీ టప్పున పడింది. ముప్పై మిల్లీయాంపుల కరెంటు దారి తప్పితే చాలు, అది పడాలి. ప్రాణం కాపాడేది అదే.

"దీనికి పిరికితనం ఎక్కువ. తీసేసి డైరెక్టుగా ఇచ్చెయ్యరా."

"తీస్తే నేనిక మీ గుమ్మం తొక్కను బాబాయిగారూ," అన్నాడు కుర్రాడు. ఆ ఒక్కమాటకే వాడికి సన్మానం చెయ్యొచ్చు.

కింది అంతస్తు ఇళ్లకు ప్రభుత్వం ఇచ్చిన 25,000 రూపాయలు వచ్చాయి. పిన్ని కొత్త గీజరంది. బాబాయి కొత్త ఎలిమెంటు తెచ్చాడు. తర్వాత థర్మోస్టాట్, కటౌటు, గ్యాస్కెట్టు, వైరింగు. తడి పీల్చిన ఇన్సులేషన్ పీకేసి మరొకటి. తుప్పు పట్టిన పైడొప్ప కూడా మారింది. చివరికి పాతది ట్యాంకొక్కటే మిగిలింది. నీళ్లు కాగాయి. "చూశావా, పాత గీజరే!" అని బాబాయి వీధంతా చెప్పుకొచ్చాడు. బిల్లులు మాత్రం ఎవరికీ చూపించలేదు.

విప్పిన సామానంతా అటక మీద గోనెసంచిలో ఉంది. సంచికి కట్టిన చీటీ మీద బాబాయి దస్తూరీ: "అన్నీ మంచివే. కొంచెం తడి ఉంది."