ఎవరి బిడ్డవు?

బౌద్ధనగర్ సందుల్లో ఇప్పుడు మనిషిని మనిషి అడిగే మాట ఒక్కటే: “బండి జర పక్కకు పెడ్తారా?” మా రోజుల్లో కొత్త ముఖం కనబడితే చాలు, అరుగు మీద నుంచే విచారణ మొదలయ్యేది. ఏ ఊరు? ఇంటిపేరేంది? ఎవరి బిడ్డవు? మీ అమ్మ తల్లిగారిది ఏ ఊరు? మూడో ప్రశ్నకో నాలుగో ప్రశ్నకో ఎక్కడో ఒక చుట్టరికం తగిలేది. తగలకపోతే “మీ ఊళ్ళో ఫలానా వాళ్ళు ఎరుకేనా?” అని మళ్ళీ మొదలు. పోలీసులకు కూడా అంత ఓపిక ఉండదు.

లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో కొలువు దొరికి, జనగామ దిక్కు నుంచి వచ్చి ఈ బస్తీలో రెండు గదులు కిరాయికి పట్టాను. అవి నా గదులే అనుకున్నాను, పాపం. కాజీపేట ప్యాసింజర్ సికింద్రాబాద్ చేరిన రోజల్లా మా గుమ్మం ముందు ఎవరో ఒకరి సంచి దిగేది. అక్క కొడుకు ఉస్మానియాలో బీఏ చదవాలంటే మకాం మా ఇంట్లో. చిన్నాయన కన్ను చూపించుకోవాలంటే మా ఇంట్లో. గాంధీ ఆస్పత్రి అప్పుడింకా ముషీరాబాద్‌కు మారలేదు, స్టేషన్ దగ్గరే ఉండేది. మా ఆవిడ మేనత్తకు అందులో మంచం దొరికితే, ఆమె వెంట వచ్చిన వాళ్ళందరికీ చాపలు మా ఇంట్లో. రాత్రి నీళ్ళు తాగడానికి లేస్తే ఎవరి కాలు తొక్కుతానోనని గోడ పట్టుకుని నడిచేవాణ్ణి.

విసుగు రాలేదా అంటే వచ్చింది. బియ్యం డబ్బా అడుగు కనబడ్డప్పుడల్లా వచ్చింది. అయినా ఎవర్నీ “నువ్వెవరు?” అని అడగాల్సిన పని పడలేదు. గడపలో చెప్పులు విడుస్తూనే వాళ్ళే వరస చెప్పుకునేవాళ్ళు. వరస తెలిసి ఉండటమంటే పట్నంలో ఒక పూట అన్నం, ఒక చాప. ఇప్పటివాళ్ళు దాన్ని ఆప్యాయత అని పాటలు కట్టుకుంటున్నారు గానీ, సగానికి పైగా అవసరమే. లాడ్జీకి డబ్బుల్లేని రోజులవి.

ఇక ఆ లెక్కంతా ఉండేది ఆడవాళ్ళ దగ్గర. మా అవ్వకు సంతకం రాదు. కానీ ఎవరు పాలోళ్ళో, ఎవరు వియ్యాలవారో, ఎవరు వేలువిడిచిన మేనమామో అడిగితే తడుముకోకుండా చెప్పేది. ఊరికే కాదు. పాలోళ్ళలో ఎవరు పోయినా పది రోజులు మైల, ఇంట్లో పండగ ఆగిపోతుంది. పిల్లకు సంబంధం చూడాలంటే బావ వరసైతే సరే, అన్న వరసైతే తప్పు. 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా పెళ్ళికి తండ్రి వైపు ఐదు తరాలు, తల్లి వైపు మూడు తరాలు లెక్క చూడమంటుంది. ఆచారం ఉన్నచోట మినహాయింపు ఇచ్చింది కాబట్టి మన మేనరికాలు చెల్లాయి. వకీలు పుస్తకం తీసి వేళ్ళు మడవాల్సిన ఆ లెక్కను అవ్వ చిక్కుడుకాయలు ఒలుస్తూ చెప్పేది. మేనరికాలు తగ్గిపోవడం మంచిదేనని డాక్టర్లు అంటారు, నేనూ ఒప్పుకుంటాను. పెళ్ళిళ్ళతోపాటు పలకరింపులు కూడా ఎందుకు తగ్గాలో మాత్రం నాకు అర్థం కాదు.

అవ్వ మరిచిపోయినా మా ఊరికి వంశరాజులు వచ్చేవాళ్ళు. కాపు ఇళ్ళ ముందు నిలబడి గోత్రం, మూలపురుషుడు, ఎక్కడి నుంచి కదిలి ఎక్కడ స్థిరపడ్డారు, అంతా కథ చెప్పి, గింజలు తీసుకుని పోయేవాళ్ళు. వాళ్ళను ఊళ్ళో పిలిచిన పాత పేరు మర్యాదైనది కాదు, ఇక్కడ రాయను. మన తాతల పేర్లు మోసినవాళ్ళకు మనం ఇచ్చిన మర్యాద అదీ! ఆ కథల్లో ఆడవాళ్ళ పేర్లు నేను విన్న గుర్తు లేదు. “ఫలానా ఊరి ఆడబిడ్డ” అనేవాళ్ళు, అంతే. లెక్కంతా మోసింది ఆడవాళ్ళు, లెక్కలోకి ఎక్కింది మగవాళ్ళు.

పెత్రమాస నాడు గుడి దగ్గర తమాషా చూడాలి. బియ్యం ఇచ్చే వరసలో నిలబడిన పెద్దమనిషిని అయ్యగారు తండ్రి పేరు అడుగుతాడు, చెప్తాడు. తాత పేరు అడుగుతాడు, కాస్త ఆగి చెప్తాడు. ముత్తాత పేరు అనేసరికి జేబులోంచి సెల్లు బయటికొస్తుంది. ఊళ్ళో ఉన్న అక్కకు ఫోన్. అక్క ఎత్తకపోతే అయ్యగారే ఏదో ఒకటి సర్దుకుని మంత్రం చదివేస్తాడు, వెనక వరస పెరుగుతోంది మరి. 2015 గోదావరి పుష్కరాల్లో ధర్మపురి రేవులో కూడా ఇదే చూశాను. మళ్ళీ 2027లో పుష్కరాలు వస్తాయి. అప్పటికి ఫోన్ ఎత్తే అక్కలు ఎందరుంటారో.

మా మనవడికి పెద్దల మీద ఆసక్తి లేదని అనను. డాలస్‌లో ఉంటాడు. గొట్టంలో ఉమ్మి పోసి ఏదో కంపెనీకి పంపితే, నువ్వు ఇంత శాతం దక్షిణ భారతీయుడివి అని జవాబు వచ్చిందట. డాలర్లు పోసి కొన్నాడు ఆ ముక్క. నన్ను అడిగితే ఊరి పేరుతో సహా ఫోన్లో చెప్పేవాణ్ణి.

అతన్ని వెక్కిరించి లాభం లేదు, అసలు ఆ విద్యకు పేరుమోసిన చోటు మా ఇంటికి దగ్గర్లోనే ఉంది. తార్నాక చౌరస్తా నుంచి హబ్సిగూడ మీదుగా ఉప్పల్ రోడ్డున పోతే సీసీఎంబీ. అక్కడి శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, తంగరాజ్, అమెరికా వాళ్ళతో కలిసి 2009లో ‘నేచర్’ పత్రికలో రాశారు, మన దేశంలో చాలామంది రెండు పాత మూలాల కలయిక అని. 2013లో ఇంకోటి తేల్చారు. ఆ కలయిక సుమారు 4,200 ఏళ్ళ కిందటి నుంచి 1,900 ఏళ్ళ కిందటి దాకా జరిగిందట, తర్వాత ఎవరి గుంపులో వాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకుంటూ తలుపులు వేసుకున్నారట. దాని ఫలితం ఆస్పత్రుల్లో కనబడుతుంది: వైశ్యుల్లో కొందరికి ఆపరేషన్ వేళ కండరాలు సడలించడానికి ఇచ్చే ఒక మందు పడదు. కాబట్టి “మీ వాళ్ళలో ఎవరికైనా ఇట్లా అయిందా?” అని డాక్టరు అడిగితే జవాబు చెప్పగల మనిషి ఇంట్లో ఉండాలి. 4,000 ఏళ్ళ కిందటి చుట్టాల సంగతి తేలింది, సంతోషం. పక్క సందులో ఉన్న పెద్దనాయన మనవడి సంగతే ఎవరికీ తెలియదు.

ఇంటిపేరు అడగడంలో కులం ఆరా కూడా ఉండేది. కాదంటే అబద్ధం. పేరు వినగానే “ఇప్పుడే వేరేవాళ్ళకు మాటిచ్చినం” అని ఇల్లు లేదన్న గుమ్మాలు చాలా చూశాను, ఇప్పటికీ ఉన్నాయి. క్యాంపస్ పిల్లలు ఆ ప్రశ్నకు మండిపడితే వాళ్ళను తప్పుపట్టను. నా ఏడుపల్లా, ఆ ఆరా అట్లాగే ఉండి చుట్టరికం ఆరా ఒక్కటే పోయిందని.

మా పైపోర్షన్‌లో ఉస్మానియాలో సోషియాలజీ చదివే పిలగాడు కిరాయికి ఉంటాడు. ఒకరోజు ఫారాలు పట్టుకుని దిగాడు. “అంకుల్, బంధుత్వాల మీద సర్వే.” ముక్కోణం అంటే మగ, సున్నా అంటే ఆడ. ఉస్మానియాలోనే పాఠం చెప్పిన ఎస్.సి.దూబే శామీర్‌పేట మీద 1955లో అచ్చేసిన పుస్తకం గురించి గడగడా చెప్పాడు. శామీర్‌పేటలో ఎవరు ఎవరికి ఏమవుతారో అన్నీ తెలుసు. “మీ నానమ్మ పేరేంది బిడ్డా?” అన్నాను. “నానమ్మనే అంటం అంకుల్” అన్నాడు.

ఇక ఊరుకోలేదు. వాళ్ళమ్మకు ఫోన్ చేయించాను. ఆమె తల్లిగారిది ఆలేరు దగ్గర ఊరు. మా మేనత్త ఆడబిడ్డను ఇచ్చింది ఆ ఊళ్ళోనే! ఇంకాస్త తవ్వితే ఆడబిడ్డ మరిది బిడ్డే ఈ పిలగాడి తల్లి. మేనత్త ఆడబిడ్డ నాకు తల్లి వరస, ఆమె మరిది చిన్నాయన, ఆయన బిడ్డ నాకు చెల్లె. చెల్లె కొడుకు అల్లుడు. పిలగాడు ముక్కోణాలు, సున్నాలు గీసి చూసి, కరెక్టే అన్నాడు.

ఆనాటి నుంచి అంకుల్ పోయి మామ వచ్చింది. కిరాయి మాత్రం ఐదో తారీఖు దాటినా రావడం లేదు. గట్టిగా అడుగుదామని మొన్న మెట్లెక్కబోతుంటే ఆ చెల్లె ఫోన్. “అన్నా, పిలగాడు ఏళకు తింటుండా? జర చూస్తుండు.” కిరాయి సంగతి ఎత్తలేక, ఆదివారం నాడు అతనికి కూడా మా ఇంట్లోనే వండమని మా ఆవిడకు చెప్పాను. ఆమె నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను.