మా బావగారి ఈల

కొందరికి పెళ్లిళ్లు కుదర్చడం పిచ్చి. కొందరికి అడక్కుండానే హోమియో మందులివ్వడం పిచ్చి. మా బావగారికి మనుషుల్ని కాపాడే పిచ్చి. మొదటి రెంటికీ ఊళ్లో గిరాకీ ఉంటుంది కానీ, ఆపదలో ఉన్న మనిషి తెనాలిలో రోజూ దొరకడు. దొరకనప్పుడు, బాగున్నవాణ్ణే ఆపదలో ఉన్నట్టు చూసుకోవాలి. ఆయన చేస్తున్న పని అదే.

ఇలాంటివాళ్లు మీ చుట్టాల్లోనూ ఉంటారు. గుర్తుపట్టడం తేలిక. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట టార్చి ఉంటుంది. మెడలో తాడుకి ఈల. స్కూటరు డిక్కీలో నైలాన్ తాడు, కాళ్ల దగ్గర మూత బిగించిన ఖాళీ క్యాను. సినిమాకి వెళ్తే తెరకంటే ముందు తలుపులు చూస్తారు. లిఫ్టెక్కితే దాని మీద రాసిన బరువునీ, లోపలున్న మన ఒళ్లనీ అంచనా కట్టి ఒకరిని దిగిపొమ్మంటారు. ఆ ఒకరు ఎప్పుడూ మా అక్కే.

బావగారు ఓ కాలేజీలో లెక్కలు రాస్తారు. యాభై దాటేదాకా ఆయన కాపాడినవి ఓచర్లు మాత్రమే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కరెంటు ఉన్నంతసేపూ టీవీ ముందు కూర్చుని, నారింజ రంగు బట్టల్లో ఎన్‌డీఆర్‌ఎఫ్ కుర్రాళ్లని చూశారు. కరెంటు పోయి, వచ్చేసరికి ఆయన మరో మనిషి.

“మనం కూడా ఏదో ఒకటి చెయ్యాలోయ్ బావమరిదీ” అన్నారు ఫోన్లో.

“విరాళమా బావా?”

“ఛ, విరాళం ఎవడైనా ఇస్తాడు. మనం క్వాలిఫై అవ్వాలి.”

వాకబు చేస్తే ‘ఆపద మిత్ర’ అని తేలింది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో మొదలుపెట్టిన పథకం. తొలుత వరద ముప్పున్న 30 జిల్లాల్లో జిల్లాకి 200 మంది చొప్పున తీసుకున్నారు. తర్వాత 350 జిల్లాలకీ లక్ష మందికీ పెంచారు. 12 రోజుల శిక్షణ. అది పూర్తిచేస్తే లైఫ్ జాకెట్, హెల్మెట్, గమ్‌బూట్లు, టార్చి, ఈల, ప్రథమ చికిత్స పెట్టె ఉన్న కిట్టు, పైన బీమా. చదువు ఏడో తరగతి ఉంటే చాలన్నారు. బావగారు ఎంకాం. సంబరం పట్టలేక అప్పటికప్పుడు పాస్‌పోర్టు ఫొటో కూడా దిగొచ్చారు. వయసు 18 నుంచి 40 లోపు ఉండాలన్న లైను ఆ తర్వాత చదివారు.

రెండ్రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజుకి ఉపాయం తట్టింది. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఖాళీగా ఉన్న మా మేనల్లుడి పేరు రాయించారు. శిక్షణ జరిగినన్నాళ్లూ కొడుకు లోపల, తండ్రి బయట వేపచెట్టు కింద స్కూటరు మీద. భోజనాల బెల్లు మోగగానే కొడుక్కి క్యారియరు అందించి, వాడు తింటున్నంతసేపూ పాఠం అప్పజెప్పించుకునేవారు. లెక్కల మనిషి కాబట్టి నోట్సు కూడా ఎడమవైపు ‘చెయ్యవలసినవి’, కుడివైపు ‘చెయ్యకూడనివి’ అని గీత కొట్టి రాసుకున్నారు. తర్వాత వాడికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. వాడు వెళ్లిపోయాడు, కిట్టు ఉండిపోయింది. గమ్‌బూట్లు బావగారికి ఒక సైజు చిన్న. అయినా తుఫాను హెచ్చరిక వచ్చిన రోజున అవే తొడుక్కుని కాలేజీకి వెళ్తారు, మధ్యాహ్నానికి కుంటుకుంటూ తిరిగొస్తారు.

వయసు అడ్డురాని ప్రథమ చికిత్స కోర్సు ఒకటి వెతుక్కుని, దాన్ని మాత్రం సొంతంగా పాసయ్యారు. ఆ సర్టిఫికెట్టుకి లామినేషన్ చేయించి, హాల్లో వెంకటేశ్వరస్వామికీ వాళ్ల నాన్నగారికీ మధ్య తగిలించారు. అక్క పొద్దున్నే ముగ్గురికీ కలిపి ఒకే అగరొత్తి తిప్పుతుంది.

ఇక సాధన మొదలైంది. గుండె ఆగిన మనిషికి ఛాతీ మీద ముప్ఫైసార్లు నొక్కి రెండుసార్లు ఊపిరి ఊదాలి. నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, అయిదారు సెంటీమీటర్ల లోతు. దీనికి ఇంట్లో దొరికిన రోగి బాలీసు. రాత్రి పదింటికి పక్కగదిలోంచి “ఒకటి, రెండు, మూడు” అని రొప్పు వినబడుతుంటే కింద వాటాలో ఉన్నవాళ్లు ఏమనుకున్నారో అక్క ఇప్పటికీ నోరు విప్పి చెప్పదు. నెల తిరక్కుండానే బాలీసు పిగిలింది. దూది ఏకేవాడు వచ్చి, “ఇదేం నలుగుడమ్మా” అని డబుల్ చార్జి అడిగాడు.

బాలీసు తర్వాత రైలు. అక్క పుట్టిల్లు రేపల్లె. తెనాలి నుంచి ప్యాసింజరులో బయల్దేరాం. వేమూరు దాటాక ఎదురు బెర్తులో ఒకాయన తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి నిద్రపోతున్నాడు. చెయ్యి కిందికి వేలాడుతోంది. బావగారు ఆ చెయ్యినే చూస్తున్నారు. నేను బావగారిని చూస్తున్నాను.

“బావా, ఆయన పడుకున్నాడు.”

“అని మనం అనుకుంటాం.”

లేచి వెళ్లి, నేర్చుకున్న పద్ధతి ప్రకారం రెండు భుజాలూ తట్టి, చెవి దగ్గర “ఏమండీ, వినబడుతోందా?” అని అరిచారు. ఆ మనిషి గుండె ఆ క్షణం దాకా బాగానే ఉంది. ఉలిక్కిపడి లేచి, తను దిగాల్సిన ఊరు దాటిపోయిందనుకుని సంచీ పట్టుకుని తలుపు దగ్గరికి పరుగెత్తాడు. కదులుతున్న బండిలోంచి దిగబోతుంటే మేమిద్దరం పట్టుకుని వెనక్కి లాగాం. భట్టిప్రోలు వచ్చాక బావగారు నా వైపు తిరిగి తృప్తిగా, “చూశావా, ఒక ప్రాణం నిలబెట్టాం” అన్నారు.

ముళ్ల సంగతి వేరే చెప్పాలి. తాడుతో ఆయన నాలుగైదు రకాల ముళ్లు నేర్చుకున్నారు, అన్నిటికీ ఇంగ్లీషు పేర్లే. బట్టలారేసే తీగ, బియ్యం బస్తా, చెత్తబుట్ట సంచీ, గేటు గొళ్లెం, దేనికైనా ముడి పడాల్సిందే. ఒక శ్రావణ శుక్రవారం వాయనాల సంచీకి వేసిన ముడి పేరంటాళ్లు వచ్చినా విడలేదు. అక్క కత్తిపీట తెచ్చింది. ఆ మధ్య రేపల్లె వచ్చినప్పుడు పెనుమూడి రేవుకి తీసుకెళ్తే, పడవ దగ్గర కూర్చున్న ఒక ముసలాయనకి కూడా ముడి నేర్పబోయారు. తాడుని కుందేలనీ, కన్నమనీ, చెట్టనీ వర్ణించి చివరికి ఒక ఉచ్చు వేశారు. ముసలాయన ఓపిగ్గా చూశాడు. బీడీ ఉన్న చెయ్యి కదపకుండా, రెండో చేత్తో అదే ముడి గూటానికి వేసి చూపించాడు.

“వెయ్యడానికేం బాబూ, ఎవడైనా వేస్తాడు. తడిసి బిగిశాక విప్పటమే పని” అన్నాడు.

తిరుగు ప్రయాణంలో బావగారు మాట్లాడలేదు. ఇంటికెళ్లాక ఆ వాక్యాన్ని నోట్సులో రాసుకున్నారని అక్క చెప్పింది, ‘చెయ్యవలసినవి’ అన్న వైపు.

కళ్యాణమండపాల్లో ఆయన్ని భరించడం మరీ కష్టం. పెళ్లికొడుకు తాళి కడుతుంటే ఈయన అత్యవసర ద్వారం ఎక్కడుందో వెతుకుతుంటారు. అది ఉంటుంది. దానికి తాళం ఉంటుంది. తాళం ముందు గుండిగలూ, వాటి వెనక కూరగాయల బస్తాలూ ఉంటాయి. మేనేజరుని నిలదీస్తారు. గొడవ ముదిరితే ఆడపెళ్లివారి పెద్దాయన ఎవరో వచ్చి, “బావగారికి టిఫిన్ అందినట్టు లేదు, చూడండ్రా” అంటాడు. ఈయన మొహం కందగడ్డ అవుతుంది. కానీ ఆయన ఉన్న పెళ్లిలో ఆ తలుపు తెరుచుకోకుండా భోజనాల బంతి లేవదు. ఇది కూడా చెప్పాలి.

బాపట్ల దగ్గర సూర్యలంకకి కార్తీక పౌర్ణమి స్నానాలకి వెళ్లినప్పుడైతే ఆయన విశ్వరూపం చూశాం. ఆ రోజున ఇసకేస్తే రాలనంత జనం. పోలీసులుంటారు, గజ ఈతగాళ్లుంటారు. అయినా మా కుటుంబం బాధ్యత తనదేనన్నారు. నీళ్లలో దిగే ముందు ఉపన్యాసం. అలలు విరగకుండా ప్రశాంతంగా కనిపించే పాయని నమ్మొద్దు, ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ లోపలికి లాక్కుపోయే దారి అదే. లాగితే ఒడ్డు వైపు ఎదురీదొద్దు, అలిసిపోతారు, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదండి అన్నారు. అంతా నిజమే. కాకపోతే మా పెద్దమ్మ అప్పటికే సంకల్పం చెప్పుకుని, దీపం ఆరిపోతుందేమోనని కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

స్నానాలయ్యాక ఈల వేసి అందర్నీ వరసలో నిలబెట్టి లెక్కపెట్టారు. ఒకరు తక్కువ. మళ్లీ లెక్కపెట్టారు. మళ్లీ తక్కువే. మొహంలో నెత్తురు లేదు. ఏరు దాటొచ్చిన పరమానందయ్యగారి శిష్యుల్లా ఆయన తనని తాను వదిలేసి లెక్కపెడుతున్నారని మా పెద్దమ్మే కనిపెట్టింది. “నాయనా, ముందు నువ్వున్నావో లేదో చూసుకో” అంది. ఆ మాట ఇప్పటికీ మా ఇళ్లలో చలామణిలో ఉంది.

అసలు రహస్యం ఇంకొకటుంది. బావగారికి ఈత అంతంత మాత్రం. మూడు కాలవలు పారే తెనాలిలో పుట్టి పెరిగి, నడుము లోతు దాటి ఎప్పుడూ దిగలేదు. ఎవరైనా ఎత్తిపొడిస్తే చిద్విలాసంగా నవ్వుతారు. “మునిగేవాడి కోసం నీళ్లలో దూకడం ఆఖరి మెట్టోయ్. ముందు కర్రో చెయ్యో అందించు. అందకపోతే తాడు కట్టిన క్యాను విసురు. కుదరకపోతే పడవ. ఇవేవీ లేనప్పుడే దూకడం, అదీ నేర్చినవాడే” అంటారు. మునిగేవాడు భయంలో, కాపాడబోయినవాడి మెడే పట్టుకుంటాడు. ఒకరి కోసం దిగి ఇద్దరు పోయారన్న వార్త మనం ఎన్నిసార్లు చదవలేదు?

ఆయన నోట్సు నేను ఒకసారి చదివాను. కుడివైపే ఎక్కువ నిండింది. పాము కరిస్తే కొయ్యకూడదు, నోటితో పీల్చకూడదు, బిగించి కట్టకూడదు, నడిపించకూడదు. కదలనివ్వకుండా ఆసుపత్రికి చేర్చాలి. నీళ్లు మింగినవాణ్ణి తలకిందులు చెయ్యకూడదు, పొట్ట నొక్కకూడదు. ఊపిరి లేకపోతే ఊపిరి ఊదాలి, ఛాతీ నొక్కాలి. నేర్చుకున్నదాంట్లో చాలాభాగం ఊరుకోవడమే. ఊరుకోవడం చేతకాని మనిషికే ఈ చదువు అబ్బడం దైవలీల.

2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకి వదిలారు. బ్యారేజీ ఎప్పుడూ చూడని నీరు. రేపల్లె, కొల్లూరు వైపు లంకల్లో జనాన్ని ఖాళీ చేయించారు. కరకట్ట ఎక్కడ తెగుతుందోనని ఇసుక బస్తాలతో రాత్రుళ్లు కాపలా. రేపల్లెలో మా నాన్నకి నిద్ర లేదు. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి ఆయన కుర్రాడు. పది వేలకి పైగా జనాన్ని మింగిన ఆ ఉప్పెనలో, నది అవతల దివిసీమలో ఏం జరిగిందో ఇవతలి ఒడ్డుకి తెలియడానికే మర్నాడు పొద్దెక్కిందట.

బావగారు హెల్మెట్టు, జాకెట్టు, బిగుతు బూట్లతో సహా రేపల్లెలో దిగారు. పడవలో కూర్చుని లంకలోకి వెళ్తున్నట్టే ఉంది ఆయన వాలకం. అక్కడి అధికారి ఒకాయన ఈయన్ని కిందినుంచి పైదాకా చూసి, “ఏం పని చేస్తుంటారు?” అని అడిగాడు. అకౌంట్సు అన్నారు. వెంటనే ఒక రిజిస్టరు చేతిలో పెట్టి, జనాన్ని ఉంచిన స్కూలు వరండాలో కూర్చోబెట్టాడు.

చిన్నబుచ్చుకుంటారనుకున్నాను. లేదు. గీతలు కొట్టారు. పేరు, వయసు, ఊరు, వేసుకునే మందులు, వెంట వచ్చినవాళ్లు, ఇంకా రానివాళ్లు. ఎవరికి బీపీ బిళ్లలు అయిపోయాయో, ఎవరికి ఇన్సులిన్ కావాలో, ఏ పిల్లకి నెలలు నిండాయో మధ్యాహ్నానికల్లా ఆ పుస్తకంలో ఉంది. సాయంత్రం అన్నాల దగ్గర లెక్కపెడితే ఒకరు తక్కువ వచ్చారు. మేం ముసిముసిగా నవ్వుకున్నాం. ఆయన నవ్వలేదు. వరసలన్నీ తిరిగి ఆరా తీస్తే, ఒక ముసలమ్మ పొద్దున పడవెక్కినట్టే ఎక్కి, గేదె తాడు విప్పి వస్తానని దిగిపోయిందని తేలింది. ఎవరికి వారు ఆవిడ ఇంకో పడవలో వచ్చిందనుకున్నారు. చీకటి పడకముందే బెస్త కుర్రాళ్లు మళ్లీ వెళ్లి ఆవిణ్ణి తీసుకొచ్చారు. వాళ్ల దగ్గర ఏ సర్టిఫికెట్టూ లేదు, పడవ ఉంది. బావగారి దగ్గర పడవ లేదు, జాబితా ఉంది. రెండూ కలిస్తేనే ఆ ముసలమ్మ ఒడ్డున పడింది.

అంతటితో ఆయన మారిపోయారనుకుంటే పొరపాటు. ఇంకా ముదిరారు. 2028లో రాబోయే కృష్ణా పుష్కరాలకి ఇప్పట్నుంచే మా అందరికీ బాధ్యతలు పంచిపెట్టేశారు. నాకిచ్చింది చెప్పులు కాపలా కాసే బాధ్యత. ఫోనుకి విపత్తు సంస్థ హెచ్చరిక ఏదొచ్చినా, అది శ్రీకాకుళానిదైనా సరే, అర్ధరాత్రి చదివి వినిపిస్తారు.

అయినా ఒక మాట. కోస్తాలో కాపురముంటూ, గుండె ఆగిన మనిషికి ఏం చెయ్యాలో తెలియని ఇల్లు ఉండకూడదు. నలభై దాటినవాళ్లు ఆపద మిత్రలు కాలేకపోవచ్చు గానీ, ప్రథమ చికిత్స నేర్చుకోవడానికీ, 112కి ఫోను చెయ్యడానికీ, ఇంట్లోవాళ్లు ఎంతమందో సరిగ్గా లెక్కపెట్టడానికీ వయోపరిమితి లేదు. మీ చుట్టాల్లో ఇలాంటి బావగారు ఒకరుంటే ఆయన్ని ఆపకండి. ఈల మాత్రం దాచెయ్యండి.