కొలతకు మా ఆవిడ

కొత్తగా కాపరానికొచ్చిన మా కోడలు ఓ ఆదివారం మధ్యాహ్నం నా ఆల్బమ్‌లన్నీ ముందేసుకుని కూర్చుంది. మొత్తం ఆరు ఆల్బమ్‌లు, ముప్ఫై ఏళ్ళ కష్టం. గుళ్ళు, గోపురాలు, వంతెనలు, ఆనకట్టలు, గుహలు, కొండలు, చెదపుట్టలు, గడ్డివాములు, ఆఖరికి ఓ సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం కూడా ఉంది అందులో. దేవుడు కట్టిందైనా, మనిషి కట్టిందైనా, చెదపురుగు కట్టిందైనా, నిలబడి ఉన్నదేదీ నా కెమెరాకు చిక్కకుండా పోలేదు. కోడలు నాలుగో ఆల్బమ్ దాకా "బాగుంది మావయ్యగారూ" అంటూ ఓపిగ్గా వచ్చింది. అక్కడ ఆగి, "మరి అత్తయ్యగారి ఫోటో ఒక్కటీ లేదేమండీ?" అంది.

"ఎందుకు లేదమ్మా! అన్నిట్లోనూ ఉంది. ఇదిగో, ఈ స్తంభం మొదట్లో ఎర్రచుక్క కనిపిస్తోందా? అదే మీ అత్తయ్య."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. సంసారం చేసినవాళ్ళకి తెలుసు, గిన్నెలు చప్పుడు చేస్తున్నంతసేపూ భయం లేదు.

నా వాదన కూడా కాస్త వినండి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నా గదిలో ఉండే స్నేహితుడు భూగర్భశాస్త్రం చదివినవాడు. ఏ రాయి ఫోటో తీసినా పక్కన ఓ సుత్తి పెట్టేవాడు. సుత్తి లేకపోతే రూపాయి బిళ్ళ, అదీ లేకపోతే పెన్ను మూత. ఎందుకురా అంటే, "ఏదో ఒకటి పెట్టకపోతే ఫోటోలో కొండకీ కంకరరాయికీ తేడా తెలీదు" అన్నాడు. అబద్ధం కాదు. పెద్దబండ ఎలా బీటలు వారుతుందో చిన్నరాయీ అలాగే వారుతుంది, చూసేవాడి కన్ను మోసపోతుంది. కొలత తెలిసిన వస్తువు ఒకటి పక్కన ఉండి తీరాలి. అది భూగర్భశాస్త్రవేత్తల ఆచారం. పెళ్ళయ్యాక నాకు సుత్తి కొనాల్సిన పని పడలేదు, అంతే.

మా ఆవిడ ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. చార్మినార్ సుమారు 160 అడుగులు, అంటే ఒకరి మీద ఒకరు 31 మంది మా ఆవిడలు. వరంగల్ కోటలో కాకతీయ తోరణం 30 అడుగులు, ఆరుగురికి కాస్త తక్కువ. తిరుమల శిలాతోరణం 10 అడుగులు, అక్కడ ఇద్దరు చాలు, పైనున్నావిడ కొప్పు కాస్త అణిచి పెట్టుకుంటే. నాగార్జునసాగర్ ఆనకట్ట 124 మీటర్లు, 79 మంది. ఈ లెక్క ఓసారి పండక్కొచ్చిన మా బావమరిదికి చెబితే, "ఒక్కరితోనే వేగలేకపోతున్నారు కదా బావగారూ, 79 మందా!" అన్నాడు.

ఇక ఎర్రచీర సంగతి. ప్రయాణం ముందురోజు రాత్రి నేను తప్పకుండా ఓ మాట అనేవాణ్ణి: "ఆ ఎర్రచీర పెట్టెలో పెట్టుకున్నావా?" ముప్ఫై ఏళ్ళు ఆవిడ దాన్ని అనురాగం అనుకుంది. నల్లరాతి మీదా, పచ్చటి చెట్ల ముందూ, బూడిదరంగు సిమెంటు పక్కనా ఎరుపు రెండు ఫర్లాంగుల దూరం నుంచైనా పట్టిచ్చేస్తుందని ఆవిడకు నేనెప్పుడూ చెప్పలేదు. ఆ ఆదివారం కోడలికి చెప్పాను. ఈవిడ గుమ్మంలో నిలబడి విన్నది.

అన్నిట్లోకీ ముందు తీసినవి హైదరాబాదు బండలు. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు ఉంటాయి కదా, ఎవరూ పేర్చలేదు. ఒకటే గ్రానైటు, భూమి లోపల ఉన్నప్పుడే నిలువునా అడ్డంగా పగుళ్ళు పడి, ఆ పగుళ్ళలోకి నీరు దిగి, మూలలు అరిగి గుండ్రబడి, చుట్టూ ఉన్న మట్టి కొట్టుకుపోయాక ఇలా బయటపడింది. ఇదంతా వివరిస్తూ మా ఆవిణ్ణి ఒక బండ కింద నిలబెట్టాను.

"పడదు కదండీ?"

"ఈ రాయి వయసు 250 కోట్ల ఏళ్ళు. ఇన్నేళ్ళూ పడనిది ఇవాళ పడుతుందా?"

"నాకోసమే ఆగిందేమో" అంది పైకి చూస్తూ. ఆ ఫోటోలో బండ అద్భుతంగా వచ్చింది. ఎర్రచుక్క మాత్రం కదిలిపోయింది, అప్పటికే పరుగందుకుంది కాబట్టి.

గండికోటలో ఇంకో చిక్కొచ్చింది. ఎర్రమల కొండల్ని పెన్న కోసుకుంటూ పోయిన లోయ అది. రెండు పక్కలా గోడలు పలకలు పేర్చినట్టుంటాయి, అడుగున పెన్న పచ్చగా మెలిక తిరుగుతుంది. (దీన్ని భారతదేశపు గ్రాండ్ క్యాన్యన్ అంటారు. నాకు ఒళ్ళు మండే మాటల్లో అదొకటి. నది కొండకు గండి కొట్టింది, గండి పక్కన కోట కట్టారు, గండికోట అన్నారు. ఇంత చక్కటి పేరుండగా అరువు పేరెందుకు? కొలరాడో నది పక్కనున్నవాళ్ళు ఎప్పుడైనా మాది అమెరికా గండికోట అన్నారా?) లోయ లోతు తెలియాలంటే మనిషి అంచున ఉండాలి. నేను కెమెరాలో కన్ను పెట్టి, "కొంచెం వెనక్కి... ఇంకొంచెం... ఇంకో అడుగు వెయ్యి" అంటున్నాను. పక్కన చాప పరుచుకుని పులిహోర తింటున్న కుటుంబం మొత్తం తినడం ఆపేసి నాకేసి చూసింది. వాళ్ళలో ఓ పెద్దావిడ లేచొచ్చి మా ఆవిడ చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి పక్కన కూర్చోబెట్టుకుంది. సాయంత్రం దాకా వదల్లేదు. పులిహోర నాకు పెట్టలేదు.

లేపాక్షి గురించి ఎక్కువ చెప్పను. నేలకు ఆనీ ఆనకుండా వేలాడే స్తంభాన్ని ఫోటోలో చూపించడం నా వల్ల కాలేదు. కింద సందు ఉందని చూపించడానికి జనం తువ్వాలు దూరుస్తుంటారు. నా ఫోటోలో తువ్వాలుంది, దాన్ని దూర్చడానికి వంగిన నలుగురి వెనుకభాగాలు ఉన్నాయి, స్తంభం వాటి వెనక ఎక్కడో ఉండే ఉంటుంది. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమానుదీ అదే కథ. అయిదెకరాల పైన పరుచుకున్న చెట్టు, 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. లోపల నిలబడి తీస్తే ఊడలు తప్ప చెట్టు కనిపించదు, బయట నిలబడి తీస్తే చిట్టడవి అంటారు. మా ఆవిణ్ణి ఎక్కడ నిలబెట్టాలో తెలీక మొదటిసారి ఆ రోజు నీడన కూర్చోనిచ్చాను.

చార్మినార్‌తో మాత్రం పరువు పోయింది. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన నాటి నుంచి నిటారుగానే ఉంది. నేను దగ్గర్నుంచి కెమెరా పైకెత్తి తీశాను. ఫోటో చూసిన పక్కింటి రిటైర్డు ఇంజనీరు గారు కళ్ళజోడు సవరించుకుని, "ఇదేమిటండీ, వెనక్కి ఒరిగింది? పేపర్లో రాలేదే!" అన్నారు. కెమెరా ఎత్తితే గీతలు పైకి పోయేకొద్దీ దగ్గరపడతాయి, కట్టడం వెల్లకిలా పడబోతున్నట్టు వస్తుంది. దానికి మందు వెనక్కి వెళ్ళడం. వెనక్కి వెళితే చార్మినార్‌కీ నాకూ మధ్య కరెంటు తీగలు, గాజుల దుకాణాలు, తోపుడుబళ్ళు, ఓ ఆటో. గీతల్ని సరిచేసే లెన్సు ఒకటుందని ఇంట్లో చెప్పి, ధర కూడా చెప్పాను. "మన పెరటిగోడ నిజంగానే ఒరిగింది, ముందు దాన్ని సరిచేయించండి" అంది మా ఆవిడ.

డిజిటల్ కెమెరా కొన్న ఏడాది బొర్రా గుహలకు వెళ్ళాం. పైనుంచి నీటిచుక్క సున్నాన్ని మోసుకుంటూ దిగుతుంది, చూరున కాస్త వదులుతుంది, నేల మీద కాస్త వదులుతుంది. అలా వేల ఏళ్ళకు పైనుంచి ఊడలూ కింది నుంచి పుట్టలూ లేస్తాయి. గైడు టార్చి వేసి, ఇది శివపార్వతులు, ఇది మునీశ్వరుడి గడ్డం, ఇది మొసలి, ఇది తల్లీబిడ్డ అని చూపిస్తుంటే జనం దణ్ణాలు పెడుతున్నారు. నాకు గడ్డం చోట కాలీఫ్లవరు కనిపించింది. చెబితే బాగుండదని ఊరుకున్నాను. కొండగాలిలో చల్లబడ్డ కెమెరా గుహలోని తేమకు ఆవిరి పట్టి అరగంట పని చెయ్యలేదు. చొక్కా అంచుతో తుడిచి, రెండు క్షణాలు తెరిచి ఉంచేలా పెట్టి, "కదలకు" అని మా ఆవిణ్ణి ఓ రాతిస్తంభం పక్కన నిలబెట్టాను. ఆవిడ కదల్లేదనే అంటుంది ఇప్పటికీ. ఫోటోలో రాయి రాయిలా ఉంది, పక్కన ఎర్రటి పొగ ఒకటి వంకర్లు తిరుగుతూ లేస్తోంది. గైడు నా భుజం మీదుగా తొంగిచూసి, "ఇది ఎక్కడ తీశారు సార్? మోహిని అని చెప్పొచ్చు, రేపట్నించి చూపిస్తా" అన్నాడు.

వీటన్నిటికన్నా నాకు నీళ్ళట్యాంకులంటే ఇష్టం. నవ్వకండి. రామప్ప గుడికి శిల్పి పేరే పెట్టుకున్నారు, 1213 నాటి శాసనం ఉంది, 2021లో యునెస్కో వాళ్ళు ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చారు. నీళ్ళట్యాంకుకు ఎవరున్నారు? ఊరి దాహమంతా నెత్తిన పెట్టుకుని, పిట్టల రెట్టలు భరిస్తూ, ఒంటి నిండా బనియన్ల ప్రకటన పూయించుకుని నిలబడి ఉంటుంది. ఒక్కో ఊళ్ళో ఒక్కో వాలకం. ఒకటి పుట్టగొడుగులా, ఒకటి గరాటులా, ఒకటి మా మేనేజరులా.

గుంటూరు జిల్లాలో ఓ ఊరి ట్యాంకు దగ్గర మా ఆవిణ్ణి కింద నిలబెట్టి, నేను రోడ్డవతల స్టాండు బిగిస్తున్నాను. పది నిమిషాల్లో జనం మూగారు. ఎర్రచీర కట్టుకుని, ట్యాంకు కింద గంభీరంగా నిలబడి పైకీ కిందకీ చూస్తున్న మనిషిని వాళ్ళు పై నుంచి తనిఖీకొచ్చిన ఆఫీసరమ్మ అనుకున్నారు. నన్ను ఆవిడ వెంట వచ్చిన ఫోటోల కుర్రాడనుకున్నారు, నాకప్పటికి యాభై దాటాయి. ఆవిడకు కుర్చీ వేశారు. కొబ్బరిబోండం కొట్టిచ్చారు. మూడు రోజులుగా నీళ్ళు రావడం లేదని, వచ్చినా పడమటి వీధికి ఎక్కడం లేదని చెప్పి అర్జీ చేతికిచ్చారు. నేను దూరం నుంచి చేతులూపుతూనే ఉన్నాను, కాదు కాదు అని. ఆవిడ అర్జీ మొత్తం చదివి, "పైపు ఎన్నేళ్ళ కిందటిది?" అని అడిగింది. ఇంటికొచ్చాక దాన్ని తెల్లకాగితం మీద శుభ్రంగా తిరగరాసి, వివరాలు కనుక్కుని, సంబంధించిన ఆఫీసుకు పోస్టు చేసింది కూడా. నా ఫోటోగ్రఫీ వల్ల ముప్ఫై ఏళ్ళలో ఆవిడకు దక్కిన మర్యాద అదొక్కటే.

కాబట్టి ఆ ఆదివారం కోడలి ముందు విచారణ మొదలైనప్పుడు నేను నీళ్ళట్యాంకుల్నే అడ్డం వేసుకున్నాను. "జర్మనీలో బెషర్ దంపతులని ఉండేవారు. 1959 నుంచి మొగుడూ పెళ్ళాం కలిసి ఊరూరా తిరిగి నీళ్ళట్యాంకులు, ఫ్యాక్టరీ కొలుములు, గనుల గోపురాలు ఫోటోలు తీశారు. మబ్బు పట్టిన రోజు చూసి తీసేవాళ్ళు, నీడలు పడకుండా. 1990లో వెనిస్‌లో వాళ్ళకి పెద్ద బహుమతి ఇచ్చారు, అదీ శిల్పకళకు! ఆవిడ ఏనాడైనా ఇలా నిలదీసిందా?"

"ఆవిడ ఎక్కడ నిలబడేది?"

"ఎక్కడేమిటి, కెమెరా వెనక. ఆవిడా ఫోటోగ్రాఫరే."

"అదీ సంగతి" అని మా ఆవిడ లోపలికెళ్ళిపోయింది. కోడలు ఆల్బమ్ మూసి చాలా మెల్లిగా బల్ల మీద పెట్టింది.

ఎర్రచీర బీరువాలో అట్టడుక్కి చేరింది. ఆ వారమంతా అత్తాకోడళ్ళు ఫోను పట్టుకుని గుసగుసలు. నేను పట్టించుకోలేదు. మరుసటి ఆదివారం గుత్తివంకాయ కూర, ముద్దపప్పు, ఆవకాయ, గడ్డపెరుగు. మామూలుగానే సోఫాలో నడుం వాల్చాను. లేచేసరికి నా ఫోను టింగు టింగుమని మోగుతోంది. బంధువుల వాట్సాప్ గ్రూపులో ఓ ఫోటో.

పడమటి కిటికీలోంచి ఏటవాలు వెలుతురు. కెమెరా నేలబారుగా పెట్టి తీసింది, అందుచేత గీతలేవీ ఒరగలేదు. ఫ్రేము నిండా ఓ గుమ్మటం. కట్టు బనియను ముడతలు దాని మీద గోల్కొండ మెట్లలా వరసలు తీరి ఉన్నాయి. గుమ్మటానికి ఆనుకుని, పొడుగు స్పష్టంగా తెలిసేలా, ఓ సాంబారు గరిటె నిలబెట్టి ఉంది. కింద ఇలా రాసింది: "మానవ నిర్మితం. కట్టింది నేనే. పట్టిన కాలం 30 ఏళ్ళు. కొలతకు గరిటె."

ఫోటో తెలిసినవాణ్ణి, ఒప్పుకోకుండా ఉండలేను. వెలుతురు బాగుంది, కోణం బాగుంది, కొలత పెట్టిన చోటు నేను పెట్టేదానికన్నా బాగుంది.

రాత్రి పడుకోబోయే ముందు చూశాను. దానికి 41 మంది బొటనవేలు ఎత్తారు. అదే గ్రూపులో కిందటి నెల నేను పెట్టిన చార్మినార్‌కి మూడు. అందులో ఒకటి నాదే.