ఫోటో జతపరచడమైనది

నర్సీపట్నం బళ్ళలో పిల్లలు ఒకళ్ళనొకళ్ళు ఏడిపించుకోవడం లేదు. ఇంత ధీమాగా ఎలా చెబుతున్నానంటే, ఫ్లెక్సీ మీద రాసుంది. ‘ర్యాగింగ్ రహిత ప్రాంగణం’ అని గేటుకి కట్టాక, దాన్ని దాటి లోపలికెళ్ళే ధైర్యం ర్యాగింగ్‌కి మాత్రం ఎక్కడిది?

ఫ్లెక్సీకి ముందు ర్యాలీ ఉంటుంది. పిల్లల్ని ఎండలో అబీద్ సెంటర్ దాకా నడిపిస్తారు. వెనక వరుసలో ఒకడు ముందువాడి నెత్తిమీద మొట్టుతూనే ఉంటాడు. అది ఫోటోలో పడదు. ఫోటో ముందు వరుసది, ముందు వరుస పెద్దలది. తర్వాత కుడిచెయ్యి చాపి ప్రతిజ్ఞ. సాయంత్రానికి పైఅధికారుల వాట్సాప్ గ్రూపులో నివేదిక: కార్యక్రమం విజయవంతం, ఫోటో జతపరచడమైనది. దాంతో ఆ ఏడాదికి వేధింపులు ఆఖరు.

ఫిర్యాదుల పెట్టె కూడా ఉంటుంది. హెడ్మాస్టారి గది గుమ్మం పక్కన, బడి మొత్తానికి కనపడేలా. తాళంచెవి ఆయన దగ్గరే. ఏ గుంటడైనా చీటీ వేసేడంటే, చీటీ కంటే ముందు కబురు చేరాల్సినవాళ్ళకి చేరిపోతుంది. రాత్రి హాస్టల్లో వాడికి విడిగా సన్మానం. అందుకే పెట్టె ఏడాది పొడుగునా ఖాళీ. పెట్టె ఖాళీగా ఉందంటే ఫిర్యాదుల్లేవని, ఫిర్యాదుల్లేవంటే వేధింపుల్లేవని లెక్క. లెక్కల మాస్టారు కూడా సంతకం పెడతారు.

ఎవరైనా తండ్రి వచ్చి గట్టిగా అడిగితే పెద్దల దగ్గర మందు సిద్ధం. ‘పిల్లలన్నాక ఏడిపించుకోరేటండీ? మా మాస్టారు మమ్మల్ని చింతబరికె విరిగేలా కొట్టేవారు. అందుకే ఇలా తయారయ్యాం.’ ఎలా తయారయ్యారో రోజూ చూస్తూనే ఉన్నాం బాబూ.

ఈ ఊరు ఏజెన్సీకి వాకిలి. చింతపల్లి, కొయ్యూరు, జి.కె.వీధి వైపు నుంచి పిల్లలు ట్రంకుపెట్టె పట్టుకుని ఇక్కడ బస్సు దిగుతారు. దిగిన రోజే కొందరికి కొత్త పేరు పెట్టేస్తారు. వాడి యాసని వెక్కిరించేవాడు ఒకడైతే నవ్వేవాళ్ళు నలభైమంది. ఆ నవ్వు ఒక్కోసారి బల్లకి అటువైపు నుంచి, సుద్దముక్క పట్టుకున్న చేతివైపు నుంచే మొదలవుతుంది. మొద్దు, నల్లోడు, కొండోడు... పేరు పెట్టడంలో మొదటి హక్కు తరగతి గదిదే. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బల్నే కాదు, మానసిక వేధింపునీ నిషేధించింది. ఆ ముక్క స్టాఫ్ రూములో అతికించిన బడి ఉంటే కబురు చెయ్యండి, చూసొస్తాను.

మనకి చట్టాలకి కరువా? ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. ఏడిపించినా, అవమానించినా ఆర్నెల్ల దాకా జైలు. ఈ సగం ఫ్లెక్సీ మీద ఎర్రక్షరాల్లో ఉంటుంది. ఫిర్యాదు వచ్చినా కదలని సంస్థ అధిపతి ఆ నేరానికి సహకరించినట్టే లెక్క అని అదే చట్టం చెప్పింది. ఈ సగం మాత్రం ఏ ఫ్లెక్సీకీ ఎక్కలేదు. అతిథుల ఫోటోలకే చోటు చాలలేదేమో! పదమూడేళ్ళ గుంటణ్ణి జైల్లో పెట్టమని నేననడం లేదు. జైలు పేరు చెప్పి వాణ్ణి జడిపించడమూ ఏడిపించడమే.

2024 జులైలో నరసరావుపేటలో ఏం జరిగింది? ఎన్‌సీసీ శిక్షణ పేరుతో సీనియర్లు జూనియర్లని కర్రలతో బాదిన వీడియో బయటపడింది. ఆ దెబ్బలు అంతకు కొన్ని నెలల ముందరివి. అన్నాళ్ళూ గుట్టుగా ఉన్నదాన్ని రట్టు చేసింది ఏ ర్యాగింగ్ నిరోధక కమిటీయో కాదు, ఫోను.

నార్వేలో 1982 చివర్లో ముగ్గురు బాలురు చనిపోయారు, తోటివాళ్ళ వేధింపులే కారణమన్నారు. మరుసటి ఏడాది ఆ ప్రభుత్వం డాన్ ఓల్వేయస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సాయం తీసుకుంది. పాపం, ఆయనకి ర్యాలీ సంగతి తట్టలేదు. ఆటవిడుపులో పెద్దవాళ్ళు పిల్లల మధ్య తిరగాలన్నాడు, తరగతిలో నియమాలు పిల్లలతో కలిసి పెట్టుకోవాలన్నాడు, ఎక్కడ ఏడిపిస్తున్నారో పిల్లలు తమ పేర్లు రాయనక్కర్లేని ప్రశ్నావళితో తెలుసుకోవాలన్నాడు. బెర్గెన్ బళ్ళలో రెండేళ్ళలో వేధింపులు దాదాపు సగానికి తగ్గాయి. ఫిన్లాండువాళ్ళు తర్వాత ‘కీవా’ పేరుతో నవ్వేవాళ్ళ మీద దృష్టి పెట్టారు. చుట్టూ నవ్వే గుంపు లేకపోతే ఏడిపించేవాడి ఆట సాగదని వాళ్ళ లెక్క. ఇందులో దేనికీ రిబ్బను కత్తిరించే పని లేదు. మనకి నచ్చకపోవడానికి అదే కారణమనుకుంటాను.

మనకి తనిఖీలు లేవా అంటే, ఉన్నాయి. ఈ గడ్డ మీద అల్లూరి సీతారామరాజు వస్తున్నానని మిరపకాయ టపా పంపి మరీ పోలీసు స్టేషన్ల మీద పడ్డాడంటారు. ఆ సంప్రదాయాన్ని అక్షరాలా పాటిస్తున్నది మన తనిఖీ అధికారులే. ముందే కబురు పెట్టి, పట్టపగలు పదకొండింటికి వస్తారు. దెబ్బలు పడేది రాత్రి పదకొండింటికి. స్నానాల గదుల దగ్గర, కుళాయి వరుసలో, బస్సు వెనక సీట్లో. ఆ చోట్లలో ఏ పెద్దమనిషీ ఉండడు, కమిటీ మాత్రం అంతటా ఉంటుంది.

అమ్మలూ, అయ్యలూ! 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా తల్లిదండ్రులతో టీచర్ల సమావేశం, అదే మెగా పీటీఎం, పెట్టారు, 2025 జులైలో మళ్ళీ పెట్టారు. ఈసారి పిలిచినప్పుడు మార్కుల కాగితం కాసేపు మడిచి జేబులో పెట్టుకోండి. రాత్రి తొమ్మిది దాటాక మా పిల్లల గదుల వైపు ఎవరు తిరుగుతారని అడగండి. కమిటీ ఉందండీ అంటే ఊరుకోకండి. మనిషి పేరు చెప్పమనండి.