తగ్గించారట, దేనికంటే?

ఈ మధ్య ఏ స్ట్రక్చరల్ ఇంజినీరింగ్ కంపెనీ పుస్తకం తిరగేసినా అదే వరస. ఆకుపచ్చ అట్ట, దానిమీద ఒక ఆకు, లోపల అద్దాల మేడల ఫొటోలు, వాటి కింద ‘ఇన్ని వేల టన్నుల కార్బన్ తగ్గించాం’ అని గొప్పలు. మా తమ్ముడి మనవడు అలాంటి కంపెనీలోనే డిజైనరు. వాడు అవార్డు ఫొటో చూపించినప్పుడల్లా నేనడిగేది ఒక్కటే: దేనికంటే తగ్గించార్రా?

‘బేస్‌లైన్ కంటే తాతయ్యా’ అంటాడు.

ఆ బేస్‌లైన్ గీసిందెవరు? వాళ్లే. హరిత భవనాలకు గుర్తింపు ఇచ్చే అమెరికావాళ్ల లీడ్ పద్ధతి నాలుగో కూర్పులో ఒక నియమం ఉంది. భవనం జీవితకాలపు ప్రభావం తగ్గించామని పాయింట్లు అడగాలంటే, పోలికకు ఒక ఊహా భవనం పెట్టుకుని, దానికంటే కనీసం 10 శాతం తగ్గినట్టు చూపాలి. ఆ ఊహా భవనాన్ని తయారుచేసేదీ ప్రాజెక్టువాళ్లే. దాన్ని కాస్త పుష్టిగా గీసుకుంటే చాలు, మామూలు భవనం కూడా పక్కన నాజూగ్గా కనిపిస్తుంది. అందరూ అలా చేస్తారని అనను. చెయ్యడానికి సందు ఉందంటాను.

మా రోజుల్లో బేస్‌లైన్ అంటే గోడౌన్‌లో ఉన్న బస్తాలే. 1982లో కొంత, 1989లో పూర్తిగా కంట్రోలు ఎత్తేసేదాకా సిమెంటుకు పర్మిటు కావాలి. పర్మిటు కోసం చెప్పులరిగేలా తిరిగిన ఇంటాయన మన బల్ల ముందు నిలబడి ఉంటే, బీము లోతు ఒక్క అంగుళం పెంచాలన్నా చెయ్యి ఆడేది కాదు. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్‌ను కాంక్రీటు పోతగా కాక రాతికట్టుబడిగా లేపారంటే పాతకాలం మీద మోజుతో కాదు. సిమెంటుకు కరువు, పని కావలసిన చేతులు వేలకు వేలు. 1978లో మన కాంక్రీటు ప్రమాణం ఐ.ఎస్. 456 మారి లిమిట్ స్టేట్ అనే లెక్కల పద్ధతి వస్తే, మేం మొదట లెక్కేసుకున్నది ఎక్కడ ఎన్ని చువ్వలు మిగులుతాయనే. పర్యావరణం అన్న మాట మా డ్రాయింగుల్లో ఎక్కడా ఉండేది కాదు. సిగ్గు మాత్రం ఉండేది, అక్కర్లేనిచోట బస్తా పోయించామని ఎవరైనా అంటారేమోనని.

ఆర్కిటెక్టు లారీ బేకర్ తిరువనంతపురంలో చేసిన పని ఈ కుర్రవాళ్లకు పాఠంగా చెప్పాలి. స్లాబు మీద బరువు పడితే అది కిందికి వంగుతుంది. పైభాగం నొక్కుకుంటుంది, అడుగుభాగం సాగుతుంది. నొక్కుడును కాంక్రీటు బ్రహ్మాండంగా తట్టుకుంటుంది గానీ సాగుడు దానివల్ల కాదు. అందుకే అడుగున చువ్వలు వేస్తాం. మరి ఆ చువ్వల మధ్య ఖాళీలో, అడుగున పోసిన కాంక్రీటు చేసే పనేమిటి? చువ్వల చుట్టూ ఉన్నది వాటిని పట్టుకుంటుంది, తుప్పు పట్టకుండా కాస్తుంది. తక్కినది తన బరువును ఇంకొకరి నెత్తిన పెట్టడం తప్ప ఏమీ చెయ్యదు. బేకర్ ఆ ఖాళీల్లో మంగళూరు పెంకులు పరిపించి మీద కాంక్రీటు పోయించాడు. స్లాబు తేలికైతే బీము తేలికవుతుంది, ఆపైన స్తంభం, చివరికి పునాది. గోడలోనూ ఇటుకలను అంచుమీద నిలబెట్టి మధ్యలో బోలు వదిలి, నాలుగో వంతు దాకా ఇటుక మిగిల్చాడు. ఆయనా పుస్తకాలు వేశాడు లెండి, తన చేత్తో బొమ్మలు గీసి, ఇల్లు చవగ్గా ఎలా కట్టుకోవాలో జనానికి చెప్పడానికి.

చిన్న ఇళ్ల సంగతి వేరంటారా? షికాగో వెళ్దాం. బెంగాలు గడ్డ మీద పుట్టిన ఫజ్లుర్ ఖాన్, స్కిడ్‌మోర్ ఓయింగ్స్ అండ్ మెరిల్ కంపెనీలో ఉండి, 1969 నాటికి వంద అంతస్తుల జాన్ హాన్‌కాక్ సెంటరును నిలబెట్టాడు. బయటికి కనిపించే ఆ పెద్ద ఏటవాలు దూలాలు అలంకారం కాదు, గాలిని తట్టుకునేవి అవే. 1931 నాటి ఎంపైర్ స్టేట్ భవనానికి చదరపు మీటరుకు 206 కిలోల ఉక్కు పడితే, దీనికి 145 కిలోలతో సరిపోయింది. అక్కడ పోలిక ఊహా భవనంతో కాదు, న్యూయార్కులో నిక్షేపంగా నిలబడి ఉన్న భవనంతో!

ఇప్పుడో? సాఫ్ట్‌వేరు ఒక్కో బీముకు ఒక్కో సైజు ఇస్తుంది, మనవాళ్లు వాటిలో పెద్దది తీసుకుని ఫ్లోరంతా అదే వేసేస్తారు. సెంట్రింగు సులువట. మట్టి పరీక్ష చేసినవాడు భద్రతకని కొంత కలుపుతాడు, డిజైనరు ఇంకొంత కలుపుతాడు, మేస్త్రీ ‘ఎందుకైనా మంచిది సార్’ అని మరో రెండు చువ్వలు దూరుస్తాడు. ఇంత లావెక్కించిన దానిమీద సోలార్ పలకలు పెట్టి పచ్చ పలక తగిలిస్తారు.

అలాగని పాత పద్ధతులే మంచివంటూ డంగు సున్నం భజన చేసేవాళ్లలో నేను లేను. సున్నపురాయిని ఎలా కాల్చినా నూరు కిలోలకు 44 కిలోల బొగ్గుపులుసు వాయువు పైకి పోవాల్సిందే. సున్నం గట్టిపడేటప్పుడు అందులో చాలావరకు గాలినుంచి తిరిగి తీసుకుంటుంది, నిజమే, కానీ బట్టీలో కాల్చిన పుల్లల పొగను తీసుకోదు. ఈ కాలంవాళ్లు మాకంటే మెరుగైన చోటు ఉందంటే అది సిమెంటు బస్తాలోనే. మా కాలంలో థర్మల్ కేంద్రాల బూడిద చెరువుల్లో మేటలు వేసి, ఎండాకాలం చుట్టుపక్కల ఇళ్లమీద పడేది. ఇప్పుడదే బూడిద సిమెంటులో 35 శాతం దాకా కలుస్తోంది. విశాఖ ఉక్కు కొలిమి చిట్టెమూ వృథాగా పోవడం లేదు. కాల్చిన బంకమట్టి, సున్నపురాయి పొడి కలిపిన ఎల్‌సీ3 సిమెంటుకు 2023లో మన ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 18189 ఇచ్చింది. మా తరం అంతదూరం పోలేదు.

హైదరాబాదులో 2004లో అబ్దుల్ కలాం ప్రారంభించిన గ్రీన్ బిజినెస్ సెంటరునూ నేను కాదనను. అమెరికా బయట లీడ్ ప్లాటినం అందుకున్న తొలి భవనం అది. నడుమ ఖాళీ వాకిలి, జాలీ గోడలు, బూడిద ఇటుకలు. నీడా గాలీ ఎటునుంచి వస్తాయో చూసి కట్టారు. దాని తర్వాత ఆ పక్కనే ఉన్న హైటెక్ సిటీలో పడమటి ఎండకు ఎదురుగా అద్దాలు నిలబెట్టి, లోపల ఏసీలు బిగించి, వాటికీ బిరుదులు తెచ్చుకున్నవాళ్లను చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది.

మీరు ఇల్లు కట్టుకుంటుంటే ఒక్క పని చెయ్యండి. అడుగుకు నాలుగు కిలోల ఇనుము పడుతుందని మేస్త్రీ అనగానే తలూపకండి. ముందు మట్టి పరీక్ష చేయించండి. ఇంజినీరును లెక్కల కాగితాలు అడగండి. ఏ బీము ఎంత బరువు మోస్తోందో, అంత లోతు ఎందుకు పెట్టాడో ఆయన మీకు అర్థమయ్యేలా చెప్పాలి. చెప్పలేకపోతే ఫీజు సగమే ఇవ్వండి.